‘వర్ణకం వెలిసిపోవడం’: ఈగ కంటికి ఈ మాట చెల్లుతుందా?

ప్రశ్న: పండ్ల ఈగ కంటిలో ‘ఎ’ విటమిన్ వినియోగం గురించిన వ్యాసమొకటి పరిష్కరిస్తున్నాను. అందులో “వెలుతురు సోకగానే కంటిలోని వర్ణకం వెలిసిపోతుంది” అనే వాక్యం ఉంది. ‘వెలియడం’ చక్కని తెలుగు మాటే అయినా ఇక్కడ అర్థం చెడుతోందని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: మీ అనుమానం సరైనదే. ఈ ప్రయోగానికి మూలం కప్ప కన్ను. 1876లో ఫ్రాంజ్ బాల్ చీకట్లో ఉంచిన కప్ప రెటీనాను వేరుచేసి చూసినప్పుడు, ఎర్రగా ఉన్న ఆ పొర వెలుతురులో క్రమంగా పాలిపోయింది. వెన్నెముక గల జీవులకు ఈ మాట అక్షరాలా సరిపోతుంది. వాటి కంటిలో కాంతిని పట్టే వర్ణకమైన రొడాప్సిన్‌లో వంపు తిరిగి ఉండే రెటినాల్, అంటే ‘ఎ’ విటమిన్‌కు ఆల్డిహైడ్ రూపం, వెలుతురు తగలగానే నిటారుగా సాగి, చివరకు ఆప్సిన్ అనే ప్రోటీన్‌ను విడిచిపెడుతుంది. ఆ రెటినాల్ పక్కనున్న వర్ణకకణాల పొరకు చేరి, అక్కడి ఎంజైముల వల్ల మళ్ళీ వంపు తిరిగి వస్తేగాని వర్ణకం పూర్వస్థితికి రాదు.

ఈగ కంటిలో ఈ విడిపోవడమే సాధారణంగా జరగదు. అక్కడ ఉండేది కూడా 3-హైడ్రాక్సీ రెటినాల్ అనే రూపాంతరం. ఈగ కంటిలోని ప్రధాన రొడాప్సిన్ సుమారు 480 నానోమీటర్ల నీలికాంతిని గ్రహించి మెటారొడాప్సిన్‌గా మారుతుంది. అది సుమారు 570 నానోమీటర్ల దగ్గర కాంతిని గ్రహించే స్థిరమైన పదార్థం. మరో ఫోటాన్ (కాంతి కణం) తగిలితే అక్కడికక్కడే తిరిగి రొడాప్సిన్ అవుతుంది. ఈగ కంటి ఎర్రదనానికి కారణమైన తెర వర్ణకాలు దీర్ఘతరంగ కాంతిని లోపలికి పోనిస్తాయి కాబట్టి, ఈ పునరుద్ధరణకు కావలసిన వెలుతురు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. వాన వెలిసినా, బట్ట వెలిసినా ఉన్నదేదో పోయిందనే అర్థం. ఇక్కడ పోయినదేమీ లేదు. కనుక “వర్ణకం రంగు మారుతుంది” అనడమే నయం.

మరొక సభ్యుని మాట: అంగీకరిస్తూనే ఒక సవరణ సూచిస్తాను. మెటారొడాప్సిన్ అంతా తిరిగి రొడాప్సిన్ కాదు; కొంత కణంలోపలికి పోయి విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు విడుదలైన రెటినాల్‌ను ఈగ కూడా వర్ణకకణాల్లోని ఎంజైములతో మళ్ళీ పనికి తెచ్చుకుంటుంది. రెటినాల్‌ను ఇలా తిరిగి వాడుకోవడాన్నే దృష్టి చక్రం అంటారు. “ఈగకు దృష్టి చక్రం లేదు” అని వ్యాసంలో ఎక్కడైనా ఉంటే అది కూడా దిద్దవలసిందే.

సమాధానం: మంచి సవరణ. ‘చక్రం’ ఉంచవచ్చు, ‘వెలియడం’ తీసేయాలి. అలాగే వ్యాసకర్త ‘అకశేరుకాలు’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టి ఉంటే అక్కడ కూడా జాగ్రత్త అవసరం. ‘ఎ’ విటమిన్‌కు మూలపదార్థమైన కెరోటినాయిడ్‌ను, ఆహారంలో అందినదాన్ని, ఈగలో నైనాబి అనే ఒకే ఎంజైము రెండుగా ఖండించి, ఒక ముక్కకు వంపు కూడా తెస్తుంది. స్క్విడ్ అనే సముద్రజీవి కంటిలోనైతే రెటినోక్రోమ్ అనే వేరొక వర్ణకం ఉంటుంది. అది నిటారు రెటినాల్‌ను పట్టుకొని వెలుతురు సాయంతో వంచుతుంది, అంటే రొడాప్సిన్ చేసే పనికి సరిగ్గా తలకిందులు. ఒక వాహక ప్రోటీన్ ఈ రెండింటి మధ్య రెటినాల్‌ను చేరవేస్తుంది. స్క్విడ్‌కు రాసే వాక్యం ఈగ వాక్యానికి నకలు కాకూడదు.