వాన లేని ఏడు 126వ కీర్తన పల్లెలో ఎట్ల చెప్పాలి?

ప్రశ్న: యూత్ సెక్రటరీ, కళ్యాణదుర్గం వైపు

అందరికీ వందనాలు. వచ్చే శుక్రవారం గృహకూడికలో వాక్యం నాకు అప్పజెప్పినారు. పాఠం 126వ కీర్తన, టైం ఇరవై నిమిషాలు. వచ్చేవాళ్లంతా చెనిక్కాయ (వేరుశనగ) పెట్టినోళ్లే. జూలై మొదట్లో పదునైతే విత్తినారు, మళ్లీ చినుకు లేదు. ఇప్పుడు ఊడలు దిగే సమయం, మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటా ఉంది. "కన్నీళ్లు విడుచుచు విత్తువారు సంతోషగానముతో పంట కోసెదరు" అని చదివి, "పంట వస్తుంది, ఆమేన్ అనండి" అనడానికి నోరు రావడం లేదు. అట్లని వాగ్దానాన్ని తక్కువ చేసినట్టూ ఉండకూడదు. పాఠాన్ని ఎట్ల విడగొట్టాలి? యేసు చెప్పిన విత్తువాని ఉపమానం కూడా కలపొచ్చా?

జవాబు 1: సండేస్కూల్ టీచర్, కడప

తమ్ముడూ, ఉపమానం కలపొద్దు. మార్కు 4:14లో విత్తువాడు విత్తేది వాక్యం, అందులో రాతినేల అంటే వాక్యం వేరు పట్టని మనసు. ఈ కీర్తనలో విత్తేది తిండిగింజ. రెండూ కలిపితే ఎండిన చేను ముందు కూర్చున్న రైతుకి "నీ మనసు రాతినేల" అన్నట్టు వినపడుతుంది.

ఉన్నది ఆరే వచనాలు. నిదానంగా చదివినా రెండు నిమిషాలు దాటదు. 1–3 జరిగిపోయిన సంగతి: ఇశ్రాయేలు జనం బబులోను చెరలోంచి తిరిగొచ్చినారు, నోటినిండా నవ్వు. 5–6 ఇంకా రావలసింది. ఈ రెంటికీ నడుమ 4వ వచనం ఉంది చూడు, "దక్షిణదేశములో ప్రవాహములు పారునట్లు" రప్పించమని. అది ప్రార్థన. మొదట్లో అంత నవ్వినవాళ్లే ఇక్కడ మళ్లీ అడుక్కుంటున్నారు. కూడికల్లో సాధారణంగా జరిగే తప్పు ఏందంటే, 3 నుంచి ఒక్క దూకుతో 5కి పోవడం. అట్ల పోతే అడగడం అనేది మాయమై, హామీ ఒక్కటే మిగులుతుంది. నీకు నోరు రాకపోవడానికి కారణం అదే.

1–3కి ఐదు నిమిషాలు, 4కి ఎనిమిది, 5–6కి ఐదు పెట్టుకో. 4 దగ్గర ఆపి, అక్కడే ప్రార్థన చేయించు, చివరికి వాయిదా వెయ్యొద్దు.

దక్షిణదేశం అంటే నెగెబు, ఇశ్రాయేలు దేశానికి దక్షిణాన ఉన్న ఎండు ప్రాంతం. అక్కడి బెయేర్షెబాలో ఏడాదికి 200 మి.మీ. చుట్టుపక్కలే వాన. మన అనంతపురంలో సుమారు 550. అక్కడి వాగులు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే, ఎగువన చలికాలపు వాన పడితే ఒక్కసారిగా పారుతాయి. చిత్రావతి ఇసుక చూసినవాళ్లకి, వంక పారడం తెలిసినవాళ్లకి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్పు: 4వ వచనంలోది ఒక్కపూటలో పారే నీళ్లు, 5–6లోది నెలల తరబడి కాచుకునే పంట. దేవుడు రెండు రకాలుగానూ ఇస్తాడు. ఏ ఏడు ఏ రకమో కీర్తన చెప్పలేదు.

జవాబు 2: ప్రార్థన గుంపు, ఆదోని

బ్రదర్, ఇంత లెక్కలెందుకు? వాక్యం "కోసెదరు" అంటోంది, "కోయవచ్చు" అనలేదు. విశ్వాసంతో ప్రకటించాలి. మనమే సందేహిస్తే వినేవాళ్లు ఏమైపోతారు?

జవాబు 3: నంద్యాల నుంచి

ఆదోని అన్నా, "కోసెదరు" నిజమే. ఏ చేను, ఏ నెల, ఎన్ని మూటలు అన్నది మాత్రం ఆ మాటలో లేదు. అది మనం కలిపితే, పంట రానప్పుడు తప్పు రైతు విశ్వాసం మీద పడుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది.

చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల కథే చూడండి. వాళ్లని తిరిగి పొమ్మని పారసీక రాజు కోరెషు ఇచ్చిన ఆజ్ఞ క్రీ.పూ. 538లో. క్రీ.పూ. 520లో హగ్గయి ప్రవక్త వాళ్లతో అంటున్నాడు: విస్తారంగా విత్తినారు, పండింది కొంచెమే (1:6). అనావృష్టి కూడా వచ్చింది (1:11). అంత గొప్ప విడుదల చూసిన జనానికీ ఎండిన చేలు తప్పలేదు. అయితే జాగ్రత్త, హగ్గయి ఆ కరువుకి చెప్పిన కారణం ఆలయం పని విడిచిపెట్టడం. అది ఆ జనానికి, ఆ కాలానికి ప్రవక్త చెప్పిన మాట. దాన్ని పట్టుకొచ్చి "మీ పాపం వల్లే వాన లేదు" అని ఏ పల్లెలోనూ అనకండి.

6వ వచనంలో తెలుగులో కనపడని సంగతి ఒకటుంది. మనకు విత్తనాలు "చేతపట్టుకొని", పనలు "మోసికొని" అని రెండు మాటలు. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే క్రియ, మోయడం. పోయేటప్పుడూ మోతే, వచ్చేటప్పుడూ మోతే. ఇంకో సంగతి, ఏడుపు ఆగినాక విత్తమని అక్కడ లేదు. ఏడుస్తూనే పోతున్నాడు, పిడికిలి మాత్రం వదల్లేదు. ఎందుకు ఏడుపు? ఆ గింజ ఇంట్లో వండితే ఒక పూట కూడు. విత్తనపు కాయ ఒలిచేటప్పుడు పిల్లలు నోట్లో వేసుకుంటే చెయ్యి మీద కొట్టే ఇండ్లలో దీన్ని విప్పి చెప్పాల్సిన పని లేదు.

"పనలు" అన్నప్పుడు కొర్ర, వరి గుర్తు చెయ్యండి. చెనిక్కాయ పెరికి వాము వేస్తారు గానీ పన కట్టరు కదా. చిన్న తేడానే, కానీ ముసలి రైతులు అక్కడే మాట పట్టుకుంటారు.

జవాబు 4: సంఘ పెద్ద, గుత్తి

కడప, నంద్యాల వాళ్లిద్దరూ బాగా చెప్పినారు. నాలుగు మాటలు కలుపుతా.

యాకోబు 5:7లోని "తొలకరి వర్షము" జోలికి పోతే జాగ్రత్త. ఇశ్రాయేలు దేశంలో తొలకరి అక్టోబరు–నవంబరులో, కడవరి వాన మార్చి–ఏప్రిల్‌లో. మనవాళ్లకి తొలకరి అంటే జూన్. చెప్పకుండా చదివితే లెక్క తప్పుతుంది.

హబక్కూకు 3:17–18 దగ్గర పెట్టుకో. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అని సూటిగా ఉంది. చదివి వదిలెయ్, వ్యాఖ్యానం వద్దు.

అప్పుల్లో ఉన్న మనిషిని లేపి సాక్ష్యం చెప్పమనొద్దు. కూడిక అయినాక చెప్పులేసుకునే వరకు కూర్చొని, ఆ ఇంటాయనతో విడిగా మాట్లాడు. "బతికి ఏం లాభం" లాంటి మాట వినపడితే ప్రార్థనతో సరిపెట్టొద్దు. ఆ రాత్రి ఎవరో ఒకరు తోడు ఉండాల. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం ఫోన్) 14416 నంబరు చేతికి ఇయ్యి, తెలుగులో మాట్లాడతారు. గలతీ 6:2 "ఒకని భారముల నొకడు భరించి" అంటే ఇదే పని.

ఇంకోటి, కోతపండుగ, అదే సంఘంలో పంట కానుకలు వేలం వేసే పండుగ. పంట పోయిన ఇంటి నుంచి వేలానికి ఏమీ రాకపోతే పేరు చదవకుండా ఉండేటట్టు కమిటీతో ఇప్పుడే మాట్లాడి పెట్టు. అప్పటికప్పుడు అంటే ఎవరూ వినరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ వందనాలు. 4వ వచనం దగ్గర ఆపి ప్రార్థన పెడతా. ఉపమానం తీసేసినా. ఒక్క సందేహం: 6వ వచనం అయినాక గట్టి సంతోష పాట ఎత్తుకోవాల్నా?

జవాబు: సండేస్కూల్ టీచర్, కడప

వద్దు. డోలక్ ఇంట్లోనే పెట్టి రా. ఆరు వచనాలూ ఇంకోసారి చదివించు, ఈసారి చదువు వచ్చిన ఆడపిల్లతో. చదవడం రాని అవ్వలు 4వ వచనం ఆమె వెంట పలుకుతారు. తర్వాత ప్రభువు ప్రార్థన. "మా అనుదినాహారము" దగ్గర తొందరపడొద్దు.