గర్భసంచి తీసేయమన్నారు: ఒప్పుకోవాలా, ఆగాలా?

మద్దిలపాలెం చెల్లెలు

మా అక్కకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. కొంతకాలంగా నెలసరి మొదలైతే వారం దాటినా ఆగడం లేదు, గడ్డలు గడ్డలుగా పోతోంది. మొన్న విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్కానింగ్ చేసి, చిన్న ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో కణితి, ఉందన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే క్యాన్సర్ భయం ఉండదని చెప్పి, అక్కడికక్కడే ఆపరేషన్ తేదీ ఇచ్చారు. ఒంట్లో రక్తం ఎంత ఉందో చూడలేదు, థైరాయిడ్ పరీక్ష లేదు, ఒక్క మాత్ర కూడా రాయలేదు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "పిల్లలు పుట్టేశారు, ఇంకా ఆ సంచితో పనేముంది?"

నేను ఆగమంటున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. మన రాష్ట్రం ఆడవాళ్లకే ఇన్ని జబ్బులు వస్తున్నాయా? నాకైతే ఇది వైద్యంలా కాక అలవాటులా కనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గాజువాక వదిన

మీ అక్క విషయంలో తొందరపడినట్టే ఉంది. కానీ ఆ అంకెలు చూపి అందరినీ బెదరగొట్టకండి. నాకు 41వ ఏట తీశారు. అంతకు ముందు నేను పడిన బాధ నాకే తెలుసు. ముదురు రంగు చీర తప్ప కట్టలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చునేదాన్ని కాదు. హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోతే రక్తం ఎక్కించారు. మాత్రలు వాడాను. గర్భసంచిలో పెట్టే మిరీనా అనే హార్మోన్ లూప్ వేయించుకుంటే అది జారిపోయింది. చివరకు ఎంఆర్‌ఐలో అడినోమయోసిస్ అని తేలింది. గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకే చొచ్చుకుపోయే జబ్బు అది. సంచి అంతా ఉబ్బిపోతుంది, అందులో నుంచి ఒక గడ్డను ఒలిచి తీసినట్టు తీయడం సాధారణంగా కుదరదు.

ల్యాపరోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, సంచి తీశారు, అండాశయాలు ఉంచారు. ఆ తర్వాతే నేను మళ్లీ మనిషినయ్యాను. "అయ్యో, తీసేశారా" అని జాలిపడేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తీయించుకున్న ప్రతి స్త్రీ మోసపోయిందే అన్నట్టు మాట్లాడితే అది మాకు అవమానం.

ఎంవీపీ కాలనీ వాసి

వదిన గారూ, మీకు ముందు జబ్బు పేరు చెప్పారు. మిగతావన్నీ వాడి చూశాకే కత్తి పట్టారు. వాళ్ల అక్కకు ఆ రెండూ జరగలేదు. చెల్లెలు గారు అడుగుతున్నది అదే కదా.

రేవు వీధి అమ్మాయి

మా అమ్మ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటకు తెల్లవారకముందే వెళ్లి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని కాలనీలన్నీ తిరిగి అమ్మేది. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పని ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్లింది. అప్పటికి 32 ఏళ్లు. సంచి తీశారు, అండాశయాలు రెండూ తీశారు. అప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేదు. యాభై నిండకముందే జారిపడితే మణికట్టు విరిగింది, ఎముకలు గుల్లబారాయన్నారు. ఇన్నేళ్లలో హార్మోన్ మందులని గానీ, ఎముకల పరీక్ష అని గానీ అన్నవారు లేరు. అండాశయాలు తీసిన సంగతి కూడా పాత డిశ్చార్జి కాగితం నేను చదివితేనే మా అమ్మకు తెలిసింది.

అయితే ఒకటి చెప్పాలి. తీసేయమని అమ్మే అడిగిందట. గంప మోసుకుని వీధులు తిరిగే మనిషికి బట్ట మార్చుకునే చోటు ఎక్కడుంటుంది? ఒక రోజు కూర్చుంటే ఆ రోజు సరుకు పోయినట్టే. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కోతకు వెళ్లే స్త్రీల సంగతి బయటపడింది. ఒక రోజు పనికి రాకపోతే జరిమానా కట్టవలసిన ఆ స్త్రీలలో వేలమందికి గర్భసంచి లేదు. అదీ ఇష్టపడి చేయించుకున్నదే అంటారు. ఏమిటా ఇష్టం?

గాజువాక వదిన

తల్లీ, మీ అమ్మగారి గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తెల్లబట్టకు సంచి తీయడం అన్యాయం. చాలామందికి అది ఇన్ఫెక్షన్, మందులతో తగ్గేది. దాన్ని నేను సమర్థించను. కానీ ఆ అన్యాయం ఆపడానికి నాలాంటి వారికి ఆపరేషన్ కష్టం చేయకూడదు. ఆ మాట మీదే ఉన్నాను.

మధురవాడ ఇంజినీరు

ఈ చర్చలో నాలాంటి వారి గొడవ ఇంకా ఎవరూ ఎత్తలేదు. నాకు 28 ఏళ్లు, పెళ్లి కాలేదు. పదో తరగతి నుంచి నెలసరి మొదటి రోజు వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం. విరేచనానికి వెళ్లాలన్నా ప్రాణం పోయేంత నొప్పి. ఎక్కడికి వెళ్లినా స్కానింగ్ బాగానే ఉందనేవారు. "పెళ్లయితే తగ్గిపోతుంది", "ఒక బిడ్డ పుడితే సర్దుకుంటుంది." ఒక డాక్టరమ్మ అయితే నొప్పి ఓర్చుకోవడం నేర్చుకోమని మా అమ్మ ముందే మందలించారు.

నాకున్నది ఎండోమెట్రియోసిస్. అందులో గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం సంచి బయట పెరుగుతుంది: అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద. ఆ చిన్న మచ్చలు మామూలు అల్ట్రాసౌండ్‌కు చాలాసార్లు చిక్కవు. స్కానింగ్ బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. అంతమందికి ఉన్న జబ్బు పేరు నేను ఇంజినీరింగ్ అయ్యాక విన్నాను.

చివరకు ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే ఈ జబ్బు వల్ల పాత రక్తం నిండిన తిత్తి, కనిపించింది. అప్పుడు గానీ నమ్మలేదు. ల్యాపరోస్కోపీలో తిత్తిని ఒలిచి తీశారు, మిగతా మచ్చలను పైపైన కాల్చకుండా కోసి తీశారు. తిత్తితో పాటు అండాల నిల్వ కొంత పోవచ్చని ముందే చెప్పి, ఆ నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించారు. ఆ మాట చెప్పినందుకే ఆ డాక్టర్ మీద నాకు నమ్మకం కుదిరింది. ఇప్పుడు డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వాడుతున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఉద్యోగం చేసుకోగలుగుతున్నాను.

ఇద్దరు పిల్లల తల్లికి అడగకుండానే ఆపరేషన్ తేదీ దొరుకుతోంది. పెళ్లికాని అమ్మాయి ఏళ్ల తరబడి మొత్తుకున్నా పరీక్షే దొరకదు. రెండు చోట్లా ఆమె చెప్పేది వినేవారు లేరు. నాకు కోపం ఆపరేషన్ మీద కాదు, దీని మీద.

పెందుర్తి పెద్దమ్మ

అమ్మా, నీ బాధ తక్కువ చేయడానికి కాదు. పెళ్లి కావలసిన పిల్లకు కడుపు మీద కోతలంటే కన్నవారికి భయం ఉండదా? సంబంధం వాళ్లు అడిగితే ఏమని చెప్పాలి? మందులతో నెట్టుకొచ్చి, పెళ్లయ్యాక చూసుకుంటే మేలని నా అభిప్రాయం.

మధురవాడ ఇంజినీరు

పెద్దమ్మా, మందులతో మొదలుపెట్టడం మంచిదే, చాలామందికి అవే సరిపోతాయి. కానీ మందు కావాలన్నా ముందు జబ్బు ఉందని ఒప్పుకోవాలి కదా. మా అమ్మానాన్నలు సంబంధం వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారు. కొందరు వెనక్కి వెళ్లారు. వెళ్లనివ్వండి.

మహారాణిపేట సిస్టర్

నేను గైనిక్ వార్డుల్లో పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సును. రెండు వైపులా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఎవరి వైద్యం వారి డాక్టరే చెప్పాలి, ఇది అడగడానికి ధైర్యం ఇచ్చేందుకు మాత్రమే.

రక్తస్రావం ఎక్కువ అనేది జబ్బు పేరు కాదు, లక్షణం. దాని వెనక ఫైబ్రాయిడ్ ఉండవచ్చు, పాలిప్ (లోపలి పొర మీద చిన్న పిలక) ఉండవచ్చు, థైరాయిడ్ ఉండవచ్చు, రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉండవచ్చు, కొందరిలో లోపలి పొర మందం కావడం, అరుదుగా క్యాన్సర్ ఉండవచ్చు. నలభై దాటినవారికి, మందులకు లొంగనివారికి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఆ పరీక్ష చేయకుండా క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. చిన్నదై, బాధ పెట్టకపోతే దాన్ని ముట్టుకోవలసిన పనే లేదు.

ట్రానెక్జామిక్ యాసిడ్ మాత్ర రక్తస్రావం ఉన్న రోజుల్లోనే వాడేది, చాలామందికి దాదాపు సగం తగ్గిస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు వాడకూడదు. దాన్ని 1962లో జపాన్‌లో ఉతాకో ఒకమోటో అనే డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి కనిపెట్టారు. ప్రసవం తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఆమె పట్టుదల. ఈ మాత్ర ఇచ్చే ప్రతిసారీ నాకు ఆమె గుర్తొచ్చేది. ఇక మిరీనా వంటి హార్మోన్ లూప్. మొదటి నెలల్లో చుక్కలు చుక్కలుగా కనబడి విసిగిస్తుంది. అప్పుడే తీయించేసుకుంటారు చాలామంది. ఓపిక పట్టినవారిలో ఎక్కువమందికి బాగా తగ్గుతుంది. వదిన గారికి జారినట్టు జారడమూ ఉంది, సంచి ఉబ్బినవారిలో అది ఎక్కువ.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది అండాశయాల గురించి. నలభై లోపు ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను "ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం కదా" అని తీస్తే మర్నాటికే ముట్లుడిగిన శరీరమైపోతుంది. ఎముకలకూ గుండెకూ నష్టం. వంశంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉన్నవారి సంగతి వేరు. మిగతావారు ఎందుకు తీస్తున్నారో నోరు తెరిచి అడగాలి, రేవు వీధి అమ్మగారిలా ఎప్పుడో కాగితం చదివి తెలుసుకునే గతి పట్టకూడదు. తీయక తప్పకపోతే, తీసిన రోజే హార్మోన్ మందుల మాట అడగాలి.

రెండో డాక్టర్ సలహాకు డబ్బు లేదనేవారికి కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) గైనిక్ ఓపీ ఉంది, పాత నగరంలో ఘోషా ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్లాలి, వరస పెద్దదే. కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఇక ఎండోమెట్రియోసిస్ బాగా ముదిరి, పిల్లలు వద్దనుకున్నవారికి సంచి తీయడం మంచి దారే.

మధురవాడ ఇంజినీరు

సిస్టర్ గారూ, చివరి మాటతో నాకు పేచీ. సంచి తీసి, పేగుల మీద ఉన్న మచ్చలను అలాగే వదిలేస్తే నొప్పి వదలదు. నాకు తెలిసిన ఒకామెకు అదే జరిగింది. సంచి పోయింది, నెలసరి పోయింది, నొప్పి మాత్రం అలాగే ఉంది. మళ్లీ ఇంకో ఆపరేషన్. జబ్బు సంచి బయట ఉన్నప్పుడు బయటిది తీయాలి.

మహారాణిపేట సిస్టర్

నిజం. మచ్చలు తీయకుండా సంచి ఒక్కటే తీస్తే చాలామందికి లాభం ఉండదు. ఆ పని అలవాటైన చేతులు కావాలి, పేగు అతుక్కుని ఉంటే పేగుల సర్జన్ కూడా పక్కన ఉండాలి. ముందే అడగండి: ఏమేం తీస్తారు, ఎవరు తీస్తారు? పక్కన అడినోమయోసిస్ కూడా ఉంటే మాత్రం సంచి తీయడంలో అర్థం ఉంది.

సీతమ్మధార వకీలు

సంతకం గురించి ఎవరూ అనలేదు. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రతి ఆడపిల్లా తెలుసుకోవాలి. ఆమెకు 44 ఏళ్లు, అవివాహిత. రక్తస్రావం ఆగడం లేదని వెళితే, లోపల ఏముందో చూడడానికి మాత్రమే ల్యాపరోస్కోపీకి ఒప్పుకున్నారు. మత్తులో ఉండగా ఎండోమెట్రియోసిస్ అని చెప్పి, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు సమ్మతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు ఎదిగిన మనిషి తరఫున తల్లి సంతకం చెల్లదని కోర్టు స్పష్టంగా చెప్పింది. భర్త సంతకమైనా అంతే. మీ ఆపరేషన్‌కు మీ సమ్మతే కావాలి, మీ సమ్మతి చాలు. అండాశయాలు తీయకూడదనుకుంటే సమ్మతి పత్రం మీద తెలుగులో ఆ మాట రాసి సంతకం చేయండి.

ఇంకొకటి. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. వాటిలో జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు కూడా ఉన్నాయి.

గాజువాక వదిన

కమిటీ వస్తే నాలాంటి మనిషి ఇంకో కాగితం కోసం ఇంకో ఆర్నెల్లు తిరగాలా అన్నదే నా భయం. అందుకని ఒక మాట. ఆగమని చెప్పేవారు ఆగడానికి కావలసినవి కూడా అడగాలి. హార్మోన్ లూప్‌కు కొన్ని వేలు చేతి నుంచి పెట్టగలిగాను కాబట్టి నేను వాడి చూశాను. చేపలమ్మే మనిషి ఎక్కడి నుంచి తెస్తుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష, ఐరన్, ట్రానెక్జామిక్ మాత్రలు ఎప్పుడూ ఉండాలి. లూప్ ఉచితంగా ఇవ్వాలి. ఇవి వాడినా తగ్గనివారికి ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. ఈ మూడూ కలిపి రాస్తే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఇచ్చే అర్జీ మీద నేను మొదటి సంతకం పెడతాను. వకీలు గారూ, ముసాయిదా మీరు రాస్తారా?

సీతమ్మధార వకీలు

రాస్తాను. మన జిల్లాలో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఏ ఆసుపత్రి లెక్కలు చూసింది అని సమాచార హక్కు కింద విడిగా దరఖాస్తు కూడా పెడదాం.

రేవు వీధి అమ్మాయి

అందులో తెల్లబట్ట సంగతి తప్పకుండా రాయండి. ఇప్పటికీ మా వైపు ఆడవాళ్లు మొదట వెళ్లేది దానికే. సంతకాలు, వేలిముద్రలు నేను తెస్తాను. వేలంపాట అయ్యాక అందరూ ఒకేచోట దొరుకుతారు.