పిల్లల కథల్లో నీతి ముందా, ఊహ ముందా?

ప్రశ్న: తెలుగు మాస్టరు, అనంతపురం
ఎనిమిదో తరగతి, 40 మంది. 'నిజాయితీ' మీద కథ రాయమంటే అందరిదీ ఒకటే: దారిలో పర్సు దొరుకుతుంది, తిరిగిచ్చేస్తారు, పెద్దాయన మెచ్చుకుంటాడు. మీ ఇష్టం అంటే దయ్యాలు, రోబోలు. 45 నిమిషాల పీరియడ్‌లో ఏం చేయించొచ్చు?

జవాబు: కథల మాస్టరు, కడప
సార్, 'నిజాయితీ' అనగానే ముగింపు మీరే చేతికిచ్చేశారు. వాళ్లు దగ్గరి దారి చూసుకున్నారు, అంతే. గుణం పేరు చెప్పొద్దు. ఒక మనిషి, ఒక వస్తువు, ఒక అడ్డంకి ఇవ్వండి. చెనిక్కాయలు తూకం వేసే పిల్లోడు. కాటా మూటకు రెండు కిలోలు తక్కువ చూపుతోందని వాడికి తెలుసు. వ్యాపారి వాళ్ల మామే.

మొదటి 10 నిమిషాలు పెన్ను ముట్టనివ్వొద్దు, ప్రశ్నలే. మామ ఎక్కడ నిలబడ్డాడు? రైతు ఎవరు? పిల్లోడు నోరు విప్పితే రాత్రి ఇంట్లో ఏమవుతుంది? తర్వాత 20 నిమిషాలు రాత, 15 వాక్యాలు చాలు. మిగతా పావుగంట ముగ్గురితో చదివించండి. కథ ఏం చెబుతోందో విన్నవాళ్లను అడగండి, రాసినవాణ్ణి కాదు.

దయ్యాల సంగతికొస్తే, కథకు ఒక్క అబద్ధమే అనుమతి. ఎండిన బోరు మాట్లాడుతుందనుకుందాం. మిగతాదంతా నిజంలాగే నడవాలి. 'పక్కన వేసినా నీళ్లు పడవు' అని అది చెబితే, అప్పు తెచ్చి బోరు బండిని పిలిపించిన రైతు నమ్ముతాడా? రెండో మాయ వచ్చిందంటే చిక్కు విప్పలేక తప్పించుకున్నట్టే. కొట్టేయండి.

జవాబు: పద్యప్రియ, కర్నూలు
నీతిని అంతగా దూరం పెట్టక్కర్లేదు. వేమన పద్యంలో ఉప్పూ కప్పురం ఒకేలా ఉంటాయని మొదటి పాదం, రుచులు వేరని రెండోది. మనుషుల మాట మూడో పాదంలో గానీ రాదు. వరస ముఖ్యం. పిల్లల కథలో చివరి రెండు వాక్యాలు చేత్తో మూసి చదవండి. అర్థం మిగిలితే అవి అక్కర్లేదు. మిగల్లేదంటే నడుమ సంఘటన ఒకటి తక్కువైంది, తిరగరాయించాల్సింది అక్కడ.

ప్రశ్న: తెలుగు మాస్టరు, అనంతపురం
బాగుంది సార్. మరి యాస? పరీక్షలో నీతి అడిగితే?

జవాబు: కథల మాస్టరు, కడప
సంభాషణలో 'యాడికి పోతాండావు' అలాగే ఉంచండి. తొలి ప్రతిలో అక్షరదోషాలు దిద్దొద్దు. ఎర్ర సిరా చూసినోళ్లు మళ్లీసారి తప్పు పోని నాలుగు మాటలతోనే సరిపెట్టుకుంటారు. నీతి అడిగితే కథ అయ్యాక గీత గీసి, కింద ఒక్క వాక్యం విడిగా రాయమనండి.