గుండెకు ఎండ గండమా, చలి గండమా?

పల్నాడు రైతుబిడ్డ: నాన్నకి స్టెంట్ వేశారు. కార్తీకంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వద్దంటే వినడం లేదు. "మన రెంటచింతలలో మనుషుల్ని చంపేది ఎండ, చలి కాదు" అంటారు. 2015 మే వడగాలులకి ఒక్క ఆంధ్రాలోనే వెయ్యిమందికి పైగా పోయారు కాబట్టి ఆ మాట కొట్టిపారేయలేను. మీరేమంటారు?

ఐసీయూ నర్సు: నేను చలే అంటాను. చలి తగలగానే చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. తెల్లవారుజామున అసలే బీపీ ఎగబాకే వేళ. ఆ సమయంలో చెంబుడు చన్నీళ్లు గబుక్కున నెత్తిన పోసుకుంటే స్టెంట్ పడ్డ గుండె ఎంతని తట్టుకుంటుంది? మనకంత చలెక్కడిది అనకండి. మంచు పడని లాస్ ఏంజెలెస్‌లో 1985 నుంచి 1996 దాకా లెక్క తీస్తే, జూన్-సెప్టెంబరు నెలల కంటే డిసెంబరు, జనవరిల్లో గుండెజబ్బు చావులు మూడో వంతు ఎక్కువ.

గోదావరిఖని: నర్సు గారూ, అక్కడి ఎండ మా ఎండ కాదండీ. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన 13 దేశాల లెక్క కూడా ఇలాగే చూపిస్తారు: మరణాల్లో చలి వాటా 7.29 శాతం, వేడి వాటా 0.42 శాతమని. ఆ 13 దేశాల్లో భారత్ లేదు. మా దగ్గర మే నెలలో ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో షిఫ్టు దిగి ఇంటికొచ్చి కుప్పకూలిన మనిషికి హార్ట్ ఎటాక్ అని రాస్తారు, వడదెబ్బ లెక్కలోకి రాడు. చెమటలో నీళ్లూ లవణాలూ పోయి గుండె లయ తప్పిందని ఎవరు రాస్తారు?

ఐసీయూ నర్సు: వడదెబ్బ చావులు చాలా లెక్కకెక్కవన్న మాట ఒప్పుకుంటాను, చాలా బాధగా ఉంటుంది. కానీ మన దేశపు లెక్కా ఉంది. మన దేశంలో ఎవరు దేనివల్ల చనిపోయారో ఇంటింటా అడిగి తెలుసుకున్న మిలియన్ డెత్ స్టడీ సమాచారంతో 2018లో చేసిన పరిశీలనలో, నడివయసు వాళ్ల గుండెజబ్బు చావుల్లో విపరీతమైన ఎండ కంటే ఓ మోస్తరు చలి వాటాయే ఎక్కువ తేలింది. ఎండకి గొడుగు, మజ్జిగ అంటూ జాగ్రత్త పడతాం. చలిని పట్టించుకోం.

పల్నాడు రైతుబిడ్డ: పౌర్ణమికి కృష్ణలో మునుగుతానని పట్టుబడుతున్నారండీ.

ఐసీయూ నర్సు: పొద్దెక్కాక తీసుకెళ్లండి. ముందు కాళ్లు తడిపి, నీళ్లు నెత్తిన చల్లుకోమనండి, మునగనివ్వద్దు. ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

గోదావరిఖని: వేసవిలో ఒంట్లో నీరు తగ్గించే మాత్రల డోసు కూడా డాక్టర్ని అడగండి తమ్ముడూ, ఎండలకి ముందే.