మ్యాజిక్ ఐటమ్స్‌ని అంగట్లో అమ్మనివ్వాలా, వద్దా?

కంచుపిడి:

రెండేళ్లుగా ఒకే క్యాంపెయిన్ నడుపుతున్నాను. డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 3.5 ఎడిషన్: బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే ఆట, కథ చెప్పి రూల్స్ చూసే డంజియన్ మాస్టర్‌ని (డీఎమ్) నేనే. ఆటగాళ్లు నలుగురు, క్యారెక్టర్లన్నీ 7వ లెవెల్. పోయిన నెల జరిగింది చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

కూలిపోయిన కోట కింద ఒక సమాధి. అందులో ఒక +2 లాంగ్‌స్వోర్డ్, అంటే కొట్టే పాచికకూ దెబ్బకూ 2 కలిపే మంత్రపు కత్తి. దాని కథ రాయడానికి నాలుగు రాత్రులు కూర్చున్నాను. కోట పడిపోయిన రోజున ఉత్తర ద్వారం దగ్గర ఒంటరిగా నిలబడ్డ కావలివాడి కత్తి అది. కాపలా కాసిన ప్రతి ఏడాదికీ పిడి మీద ఒక గాటు పెట్టుకున్నాడు, మొత్తం 31. కీడు తలపెట్టినవాడు గడప దాటితే పిడి చల్లబడుతుంది. ఆ కత్తి ఫైటర్ (కత్తి పట్టి పోరాడే క్యారెక్టర్) ఆడే అమ్మాయి చేతికొచ్చింది. తర్వాతి సెషన్‌లో నగరంలో అడుగుపెట్టగానే ఆ అమ్మాయి చేసిన మొదటి పని దాన్ని అమ్మేయడం. రూల్ ప్రకారం ధర 8,315 గోల్డ్, అమ్మితే సగం. చేతికొచ్చిన 4,157లో 4,000 పెట్టి +2 క్లోక్ ఆఫ్ రెసిస్టెన్స్ (మంత్రాల్లాంటి ప్రమాదాలను తట్టుకునే పాచికలకు, అంటే సేవ్‌లకు, 2 కలిపే పైవస్త్రం) కొనుక్కుంది. పాత +1 కత్తితోనే సర్దుకుంటానంది.

నాకు నోట మాట రాలేదు. సెషన్ అయ్యాక అందరికీ చెప్పేశాను: ఈ లోకంలో ఇకమీదట మంత్రవస్తువులు అమ్మే కొట్లు ఉండవు, దొరికినదే దక్కినది. అప్పట్నుంచి ఆటలో ఊపు తగ్గింది. అయినా నా నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను. సంచిలో చెయ్యి పెట్టి చిల్లరిచ్చి కొనుక్కునేదాంట్లో మంత్రం ఏముంటుంది?

ఏడోగది:

మీ పక్షమే నేను. 3వ ఎడిషన్ 2000లో వచ్చినప్పుడు మంత్రవస్తువు ఎలా తయారుచేయాలో, ఎంతకు అమ్మాలో, ఏ లెవెల్లో ఎవరి దగ్గర ఎంత సొత్తు ఉండాలో అన్నీ పట్టికలకెక్కాయి. అక్కణ్ణుంచే రుచి మారింది. ఒక్క ఉదాహరణ చాలు. క్యూర్ లైట్ వూండ్స్ వాండ్ (గాయాలు మాన్పే మంత్రపు కర్ర) 750 గోల్డ్, 50 ఛార్జీలు, అంటే 50 సార్లు వాడొచ్చు. అంటే 15 గోల్డ్‌కి సగటున అయిదున్నర హిట్ పాయింట్లు (ప్రాణబలం) తిరిగొస్తాయి. పోరాటం అయ్యాక నేలమీద కూర్చుని ఆ కర్రతో ఒకరినొకరు తట్టుకుంటారు, మళ్లీ అందరూ నిండుగా ఉంటారు. గాయమంటే భయం పోయింది. గాయాలు మాన్పే క్లెరిక్ ఎందుకో కూడా ఎవరికీ గుర్తులేదు.

అంతకుముందు వస్తువు దొరికితే అదేంటో తెలియక చేతులు వణికేవి. పాత అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో వస్తువేంటో తెలిపే ఐడెంటిఫై మంత్రం వేసిన మాంత్రికుడికి కాన్‌స్టిట్యూషన్ (ఒంటి సత్తువ) 8 పాయింట్లు పడిపోయేది, తిరిగి రావడానికి విశ్రాంతి తీసుకోవాలి. పైకి కనిపించేదానికన్నా ఎక్కువ పట్టే బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అనుకుని చెయ్యి పెడితే అది మనిషినే మింగే బ్యాగ్ ఆఫ్ డివౌరింగ్ కావచ్చు. ఆ తెలియనితనంలోనే ఆట ఉండేది.

లెక్కలపుస్తకం:

ఏడోగది గారూ, వాండ్ విషయంలో ఒప్పుకుంటాను, అది ఆ ఎడిషన్‌లో నిజంగానే పుండు. కానీ పాతరోజుల్లో అమ్మకం లేదన్నట్టు మాట్లాడకండి. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ప్రతి మంత్రవస్తువు పక్కన రెండు అంకెలుంటాయి: ఉంచుకుంటే వచ్చే అనుభవం (లెవెల్ పెంచే పాయింట్లు), అమ్మితే వచ్చే బంగారం. బంగారానికి కూడా అనుభవం లెక్కకట్టేవారు కాబట్టి, అక్కరలేని వస్తువు అమ్మేయమని రూలే దారి చూపించింది. అప్పట్లో కరువైంది కొనుగోలు, అమ్మకం కాదు.

ఇక కంచుపిడి గారి విషయం. మీరు కొట్లు మూసేసిన చోటే అసలు తప్పు జరిగింది. 3.5లో 7వ లెవెల్ క్యారెక్టర్ దగ్గర 19,000 గోల్డ్ విలువైన సొత్తు ఉంటుందని పుస్తకం అనుకుంటుంది. 10వ లెవెల్‌కి 49,000. రాక్షసుల బలం ఆ అంచనా మీదే కట్టారు. ఆయుధం, కవచం, క్లోక్, ఉంగరం, తాయెత్తు, బలం పెంచే పట్టీ... ఈ ఆరూ ఆటగాడి సరదా కోసం ఉన్నవి కావు, ఆ లెవెల్లో బతికి బట్టకట్టడానికి కట్టాల్సిన సుంకం. కొట్టు మూసి, రాక్షసులను మాత్రం పుస్తకంలో ఉన్నట్టే దింపితే, మీరు గేటు మూసి సుంకం మాత్రం వసూలు చేస్తున్నట్టు.

ఎవరికి ఎక్కువ దెబ్బో కూడా చూడండి. విజర్డ్‌కి (మాంత్రికుడికి) లెవెల్ పెరిగితే కొత్త మంత్రాలు వాటంతటవే వస్తాయి. ఫైటర్ ఎదుగుదలలో సగం వస్తువుల్లో ఉంది. 7వ లెవెల్ ఫైటర్‌కి విల్ సేవ్ (మనసును లొంగదీసే మంత్రాన్ని తట్టుకునే పాచిక) మూలసంఖ్య +2. ఎదురుగా డీసీ (అందుకోవాల్సిన అంకె) 17 ఉంటే ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 15 పడాలి, అంటే పదింట మూడుసార్లే గట్టెక్కుతుంది. ఆ అమ్మాయి క్లోక్ ఎందుకు కొందో నాకు ఆశ్చర్యం లేదు.

ఒక మాట: కొట్లు పూర్తిగా తీసేయక్కర్లేదు. ఊరి పరిమాణాన్నిబట్టి ఎంత ధర వరకు వస్తువు దొరుకుతుందో ఆ పుస్తకంలోనే ఉంది. పల్లెలో 200 గోల్డ్, పెద్ద పట్టణంలో 3,000, మహానగరంలో లక్ష. పగ్గం మీ చేతిలోనే ఉంది, మీరు గుర్రాన్నే అమ్మేశారు.

కొత్తపాచిక:

నేను 5వ ఎడిషన్‌తోనే ఈ ఆటలోకి వచ్చాను. మాకు ఈ గొడవ లేదే? మంత్రవస్తువులు లేకపోయినా లెక్క సరిపోతుందని అన్నారు కదా. పైగా అట్యూన్‌మెంట్ (కొన్ని వస్తువులు పనిచేయాలంటే వాటితో కలుపుకోవాల్సిన బంధం) మూడింటికే. ఎంత కొన్నా అలాంటివి మూడుకు మించి పనిచేయవు కాబట్టి పోగేసుకోవడం చాలావరకు దానంతట అదే ఆగిపోతుంది.

లెక్కలపుస్తకం:

అట్యూన్‌మెంట్ మంచి ఆలోచన, దాన్ని పొగడటానికి నాకేం అడ్డులేదు. కానీ "లేకపోయినా సరిపోతుంది" అన్నది 2014 పుస్తకాల్లో కాగితం మీది మాట. ఆ ఏటి మాన్‌స్టర్ మాన్యువల్ (రాక్షసుల పుస్తకం) తిరగేయండి. మంత్రం లేని ఆయుధంతో కొడితే సగం దెబ్బే తగిలే రాక్షసులు బోలెడు. ఉత్త చేతులతో పోరాడే మాంక్‌కి 6వ లెవెల్లో పిడికిలే మంత్రాయుధంగా మారుతుంది. ఫైటర్‌కి అలాంటిదేమీ రాదు, డీఎమ్ దయతలచి ఒక కత్తి ఇవ్వాలి. ఇదెంత ఇబ్బందో తెలిసే 2025 మాన్యువల్‌లో ఆ రూల్ ఎత్తేశారు. ఇంకొకటి, 2014లో ధరలు "501 నుంచి 5,000" లాంటి పరిధులుగా ఇచ్చి వదిలేశారు. పదిరెట్ల తేడా! దాంతో డీఎమ్ ఏం చేస్తాడు, సొంతంగా అంకె కనిపెట్టుకుంటాడు. 2024 గైడ్‌లో అరుదైనదానికి 4,000 అని ఖాయంగా ఒక అంకె వేశారు.

ఏడోగది:

అంకెలు ఎంత సరిగ్గా ఉంటే వస్తువు అంత చిన్నదైపోతుందన్నదే నా బాధ. 4వ ఎడిషన్ ఇంకో మెట్టు దిగింది. 2008లో మంత్రవస్తువులను ఆటగాళ్ల పుస్తకంలోకే తెచ్చి పెట్టారు. కావలసినవి రాసివ్వమని ఆటగాళ్లను అడగండని డీఎమ్‌కి సలహా ఇచ్చారు. నిధి పెట్టె మూత తీయకముందే లోపలున్నది తెలిసిపోతే, మూత తీయడం ఎందుకు?

దీపధారి:

మీ ఇద్దరి మాటలూ చదువుతుంటే ఒకటి అనిపిస్తోంది. కొట్టు ఉండాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. మొదటిది: బతకడానికి కావలసిన అంకెనీ, మనసుకు పట్టే కథనీ ఒకే కత్తిలో ఎందుకు కట్టేశాం? రెంటినీ ఒకే వస్తువులో పెట్టినంతకాలం ఆటగాడు ఎప్పుడో ఒకప్పుడు ఎంచుకోవాల్సి వస్తుంది. అప్పుడు అంకే గెలుస్తుంది, ఎందుకంటే కథ చచ్చిపోయినా క్యారెక్టర్ బతుకుతుంది, అంకె తక్కువైతే చచ్చేది క్యారెక్టరే.

ఈ ముడి విప్పిన ఆటలున్నాయి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో బలం కత్తిలో ఉండదు, కత్తికి ఎక్కించిన రూన్‌లో (మంత్రాక్షరంలో) ఉంటుంది. కొత్త కత్తి దొరికితే దాని రూన్ తీసి తాత కత్తికి ఎక్కించుకోవచ్చు. మొదటి లెవెల్లో పట్టిన ఆయుధంతోనే చివరిదాకా వెళ్లొచ్చు. రూన్‌లు కూడా వద్దనుకుంటే, ఆ పెరుగుదలను లెవెల్‌తోపాటే ఇచ్చేసే ఐచ్ఛిక రూల్ ఉంది. 4వ ఎడిషన్‌ని ఏడోగది గారు తిట్టారు గానీ, మరుసటి ఏడాదే రెండో డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో అలాంటి రూలే పెట్టారు, వస్తువులు లేకుండా ఆడాలనుకునేవారి కోసం.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఎర్త్‌డాన్ పద్ధతి. 1993 నాటి ఆట. అందులో గొప్ప వస్తువు చేతికి రాగానే దాని బలమంతా రాదు. దాని పేరేంటి, ఎవరు చేశారు, ఎవరు ఎక్కడ పోగొట్టుకున్నారు అని ఒక్కొక్కటే తెలుసుకోవాలి. తెలిసిన కొద్దీ దానికీ మీకూ మధ్య ఒక్కో దారం నేస్తారు, అప్పుడు ఒక్కో శక్తి లేస్తుంది. అక్కడ కథ తెలియనివాడికి ఆ కత్తి మామూలు ఇనుము. దాన్ని అమ్మడం అంటే తాను నడిచిన దారిని అమ్ముకోవడం. మా బల్ల దగ్గర ఒక ఆటగాడు ఒక ఈటె చరిత్ర కోసం పదకొండు సెషన్లు తిరిగాడు. చివరికి అది వాళ్ల శత్రువు అమ్మమ్మదని తెలిసిన రోజు, దానికి ఎంత బోనస్ వస్తుందని అడగడం కూడా మరిచిపోయాడు.

ఏడోగది:

ఇది నాకు నచ్చింది. తెలియనితనం ఉంది, కానీ శపించిన ఉంగరంలా ఉరితాడు కాదు.

రెండోవరుస:

ఆ కత్తి అమ్మింది నేనే.

కంచుపిడి అన్న ఈ చర్చ లింక్ మా గ్రూపులో పెట్టాడు, నిన్నటి నుంచి చదువుతూనే ఉన్నాను. అన్నా, పిడి మీద 31 గాట్లు ఉన్నాయని నాకు ఇక్కడ చదివాకే తెలిసింది.

సమాధి దగ్గర ఐడెంటిఫై వేసింది మన విజర్డ్. నువ్వు కత్తి వివరాలు రాసిన కాగితం మడిచి అతనికిచ్చావు. అతను చదువుకుని జేబులో పెట్టుకుని, నా వైపు తిరిగి "ప్లస్ టూ లాంగ్‌స్వోర్డ్, నువ్వు తీసుకో" అన్నాడు. రాత్రి బాగా పొద్దుపోయింది, సెషన్ అక్కడితో ఆగింది. నా షీట్ మీద ఆ కత్తి అంటే ఒక్క వాక్యం, అదీ అంకెతో.

క్లోక్ ఎందుకు కొన్నానో కూడా చెప్పనీ. గత నాలుగు సెషన్లలో మూడుసార్లు విల్ సేవ్ పోయింది. మూడోసారి మంత్రానికి లొంగిపోయి మన క్లెరిక్‌ని నేనే నరికాను. నువ్వు డైస్ నా చేతే వేయించావు, రూల్ ప్రకారం అదే సరి, కానీ ఆ రాత్రి ఇంటికెళ్లాక నాకు నిద్రపట్టలేదు. అతను "పర్లేదులే" అన్నాడు. నాకు పర్లేదు కాదు. ఆ క్లోక్ నేను నాకోసం కొనుక్కోలేదు. మళ్లీ అలా జరగకూడదని కొన్నాను.

కొట్లు మూసేశానని నువ్వు చెప్పినప్పుడు, నాకు శిక్ష వేశావనే అనుకున్నాను. అందుకే ఏమీ మాట్లాడలేదు.

కంచుపిడి:

చదివాను. రెండుసార్లు చదివాను.

ఆ కాగితం నీ చేతికి ఇవ్వాల్సింది. పోనీ అసలు ఇవ్వకుండా, ఆ రాత్రే ఎవడైనా గడప దాటేలా చేసి, నీ అరచేతికి చలి తగిలేలా చెప్పాల్సింది. రాసుకున్నదంతా నా నోట్‌బుక్‌లో భద్రంగా ఉంది, నీ దగ్గరకు చేరనేలేదు. క్లెరిక్ సంగతి నిన్ను అంత పట్టి ఉంచిందని కూడా నేను గమనించలేదమ్మా. శిక్ష అని మాత్రం అనుకోకు. కోపం ఉన్న మాట నిజం, అది పొరపాటు మనిషి మీద చూపించాను.

లెక్కలపుస్తకం గారూ, మీ లెక్క నాకు ఎక్కింది. కొట్లు తిరిగి తెరుస్తున్నాను, ఊరి పరిమితుల ప్రకారమే. క్యూర్ వాండ్‌లు మాత్రం అంగట్లో ఉండవు, ఆ విషయంలో ఏడోగది గారి మాటే. కొత్త ప్రశ్న ఒకటి. సేవ్‌ల బోనస్‌ని లెవెల్‌తోపాటే ఇచ్చేసి, క్లోక్ లాంటివి ఆట నుంచి తీసేస్తే 3.5లో ఏమైనా విరుగుతుందా?

లెక్కలపుస్తకం:

విరగదు, కానీ సొత్తు పట్టిక తగ్గించాలి. ఆయుధం, కవచం, సేవ్‌లు, గుణాల బోనస్ అన్నీ మీరే లెవెల్‌తో ఇస్తే ఆ 19,000లో సగం చాలు. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌కి 2015లో వచ్చిన అన్‌చెయిన్డ్ పుస్తకంలో ఈ పద్ధతి సిద్ధంగా ఉంది, అక్కడా సొత్తు సగానికే కోశారు. లెక్కలు 3.5కి దగ్గరే కాబట్టి కొద్దిపాటి సర్దుబాటుతో వాడుకోవచ్చు. ఇప్పటికే కొన్న క్లోక్ విలువ ఆమెకు తిరిగివ్వడం మరవకండి.

దీపధారి:

గాట్ల కథ కూడా ఒక్కసారే చెప్పేయకండి. ఒక్కో గాటు వెనక ఒక్కో ఏడాది ఉందన్నారు కదా. కొన్నిటిని మీరూ ఇంకా రాసి ఉండరు.

కంచుపిడి:

ఆరు రాశాను. 25 మిగిలాయి.

రెండోవరుస:

అన్నా, క్లోక్ డబ్బు తిరిగిస్తానంటే ఒద్దు. ఒక్కటి చెప్పు చాలు. నా దగ్గర కత్తి కొన్న వ్యాపారి దాన్ని ఎవరికి అమ్మాడు?

కంచుపిడి:

ఉత్తర ద్వారం వైపు వెళ్తున్న ఒకడికి. మిగతాది శనివారం.