స్కాన్ దస్తావేజులు మధ్యలో మారలేదని హ్యాష్‌తో తేల్చడం ఎలా?

ప్రశ్న (విజయనగరం): మా సొసైటీ దస్తావేజులు పీడీఎఫ్‌లుగా స్కాన్ చేశామండి. పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో శ్రీకాకుళం వెళ్తాయి. దారిలో ఒక్క సర్వే నంబరు మారినా తెలియాలి. ఏ హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్రలాంటి చిన్న కోడ్) వాడాలి?

జవాబు: ఎస్‌హెచ్‌ఏ-256. ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి పని 2004లోనే అయిపోయింది, వేర్వేరు సమాచారానికి ఒకే హ్యాష్ వచ్చేలా చేయొచ్చని తేలింది. 2017లో మరో పాత పద్ధతి ఎస్‌హెచ్‌ఏ-1లో హ్యాష్ ఒకటే ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు తయారుచేసి చూపించారు. విండోస్‌లో హ్యాష్ లెక్కగట్టే సర్ట్‌యుటిల్ (certutil) అనే కమాండ్ ఉంటుంది. దాని పక్కన హ్యాష్‌ఫైల్ (-hashfile), ఫైలు పేరు, ఆ తర్వాత ఎస్‌హెచ్‌ఏ256 (SHA256) అని రాయాలి. చివరిది వదిలేస్తే ఎస్‌హెచ్‌ఏ-1 ఇస్తుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. పంపేముందు ఒకసారి, అందాక ఒకసారి ఇలా చేసి, వచ్చిన 64 అక్షరాలూ పోల్చండి, మొదలూ చివరా చూసి ఊరుకోకండి.

ఇంకో జవాబు: హ్యాష్ పట్టీని (ఏ ఫైలుకు ఏ హ్యాష్ వచ్చిందో రాసిన జాబితాని) మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టకండి! ఫైలు మార్చినవాడు పట్టీ కూడా మార్చేస్తాడు. ప్రింటు తీసి, ఇద్దరు సంతకాలు చేసి, విడిగా పంపండి. డిజిటల్ సంతకం ఉంటే మరీ మంచిది.

ప్రశ్న వేసినవారు: వాట్సాప్‌లో పంపిన ఫొటోకి హ్యాష్ కలవడం లేదండి. ఎవరైనా మార్చారా?

జవాబు: కాదండి, ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు మార్చినా హ్యాష్ మారదు. అదే కాగితాన్ని మళ్లీ స్కాన్ చేస్తే మాత్రం వేరే హ్యాష్ వస్తుంది, కాబట్టి మొదటి స్కాన్‌నే అసలుగా ఉంచండి. కోర్టుదాకా వెళ్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాలి.