కాగితపు కవచాన్ని గట్టిపరచడానికి ఏ రెసిన్ మంచిది? ఇంట్లో చిన్నపాప ఉంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కామిక్ కాన్‌కి (కామిక్స్ అభిమానుల వేడుక) వేసుకోవడానికి పెపకురా (కాగితం కత్తిరించి, మడిచి అతికించే) నమూనాలు ప్రింట్ తీసి, 220 జీఎస్ఎం మందపాటి కాగితంతో హెల్మెట్, ఛాతీ కవచం అతికించాను. నెల పట్టింది. ఇప్పుడు రెసిన్ (ఆరితే గట్టిపడే ద్రవం) పూసి గట్టిపరచాలి. ఫైబర్ షాపులో జీపీ రెసిన్, అది గట్టిపడటానికి అందులో కలిపే కోబాల్ట్, హార్డెనర్ అని మూడు సీసాలు చూపించారు. ఇంకా కొనలేదు. కూకట్‌పల్లిలో రెండు గదుల ఫ్లాట్ మాది, మూడేళ్ల పాప ఉంది. ఎన్95 మాస్క్ పెట్టుకుని బాల్కనీలో పూస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదు అన్నా. ఎన్95 దుమ్మును ఆపుతుందే కానీ ఆవిరిని ఆపదు. జీపీ రెసిన్ అంటే పాలిస్టర్, అందులో స్టైరీన్ అనే ఘాటైన, ఆవిరయ్యే రసాయనం ఉంటుంది. బాల్కనీ తలుపు సందులోంచి వాసన ఇల్లంతా పడుతుంది.

జవాబు 2:
కొనకపోవడమే మంచిదైంది. స్టైరీన్ ఆవిరి దాదాపు 31 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే స్థితికి వస్తుంది. మన ఎండాకాలంలో గది వేడి అంతకంటే ఎక్కువే. పక్కనే వంటగది. ఇంకొక విషయం షాపుల్లో చాలామంది చెప్పరు: కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. కోబాల్ట్ ముందు రెసిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్ పోయాలి. ఆ హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. ఆరుబయట, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని ఆపే ఫిల్టర్) ఉన్న రెస్పిరేటర్ మాస్క్, కళ్లద్దాలు పెట్టుకుని చేసే పని ఇది. ఫ్లాట్‌లో వద్దు.

ప్రశ్న అడిగినవారు:
మరి ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్‌కి వాసన తక్కువ కదా, ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు 2:
వాసన లేదని ధైర్యం తెచ్చుకోవద్దు. నేను చేతులకు తొడుగులు లేకుండా రెండు హెల్మెట్లు చేశాను, ఏమీ కాలేదు. మూడోసారి మణికట్ల దగ్గర దద్దుర్లు వచ్చాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక ఎప్పటికీ పడకపోవచ్చు. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్‌తో రుద్దకండి. డబ్బా మీద రాసిన కొలతకే కలపండి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే జిగటగానే ఉండిపోతుంది. ఒక్కసారికి 50 గ్రాములు చాలు. గ్లాసు నిండా కలిపి వదిలేస్తే అదే వేడెక్కి పొగలొస్తుంది. మేడ మీద చేసి, పూర్తిగా ఆరేదాకా అక్కడే ఉంచండి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాత్రం మీ ఎన్95 పనికొస్తుంది.

జవాబు 3:
పాప ఉన్న ఇంట్లో నేనైతే రెసిన్ జోలికే వెళ్లను. చేర్యాల మాస్కులు చూడండి, రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో చేసినవే. మీకు ఫెవికాల్, పాత నూలు చీర ముక్కలు చాలు. కాగితం తడికి వంగుతుంది కాబట్టి ముందు హెల్మెట్ లోపల అట్టముక్కలు అడ్డంగా పెట్టి నిలబెట్టండి. జిగురు చిక్కగానే ఉంచి లోపలివైపు ఒక పొర వేయండి, ఫ్యాన్ కింద ఒక రోజు ఆరనిచ్చాకే రెండోది. మూడు పొరలకు వేలితో తడితే టకటకమంటుంది. వానలో మాత్రం తడవకూడదు, అందుకే పైన యాక్రిలిక్ రంగు, వార్నిష్ వేయాలి. ముందు భుజం ముక్క ఒక్కటి చేసి చూడండి, నచ్చితేనే హెల్మెట్ ముట్టుకోండి.